వాడకంలో లేని తలుపు

భర్త పోయిన రోజునే హైమవతి టీచరు ఇంటి వెనక తలుపు కూడా పోతుంది. ఆ చోట సున్నం కొట్టిన గోడ ఉంటుంది. దానిమీద చిన్న చీటీ: "వాడకం తక్కువగా ఉన్నందున తొలగించాం."

ఆ తలుపు వాడింది ఆమె భర్త సోమశేఖరం గారొక్కరే. పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి, తడి కాళ్లతో అటునుంచే వచ్చేవారు. పన్నెండో రోజు సాయంత్రం ఐదింటికి గోడ అవతల చప్పుడవుతుంది. మూడుసార్లు, ఆగి, ఒకసారి. అది ఆయన తట్టే తీరే.

మర్నాడు ఆమె చీటీ అడుగున అచ్చేసిన చిరునామాకు వెళ్తుంది. అక్కడ ఇళ్లలో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చే ప్రోడక్ట్ మేనేజరు, ప్రణవ్ అనే కుర్రాడు.

"తలుపు ఎవరికి కావాలి మేడం?"

"మా ఆయనకి."

"యాక్టివ్ యూజరేనాండీ? అంటే, ఇప్పుడూ వాడుతున్నారా?"

"పోయారు బాబూ."

"మరి లెక్కలో సున్నా కదండీ."

"సున్నా అయితే గోడెవరు తడుతున్నారయ్యా?"

"ఇది మంచి ఫీడ్‌బ్యాక్ మేడం" అని ఫారం ఇస్తాడు. ఒక గడి నింపితే కింద రెండు మొలుస్తాయి. మధ్యాహ్నానికి ఫారం మెట్లు దిగి వీధిలోకి పాకుతుంది. ఆమె వంగి, రాస్తూ దాని వెంటే నడుస్తుంది. ఫారం ఆమె ఇంటి దగ్గర ముగుస్తుంది. ప్రణవ్ అప్పటికే అక్కడ కాగితం తలుపొకటి గోడకు అంటిస్తుంటాడు.

గొళ్ళెం కుడివైపు ఉంటుంది.

"ఆయనది ఎడమచేతి వాటం బాబూ."

"నూటికి తొంభైమంది కుడిచేత్తోనే తీస్తారండీ. ముందు పరీక్షిద్దాం. మీరు మాత్రం నోరు విప్పకూడదు. ఆయన ఎక్కడ తడబడతారో మనం చూడాలి. చెప్పారంటే పరీక్ష రద్దు, తలుపూ రద్దు."

ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాసిన మనిషి. పిల్లలు కళ్లతో అడిగినా జవాబు చెప్పలేదు. కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఐదింటికి కాగితం మీద, ఎడమవైపు, తడి చెయ్యి తేలుతుంది. పైకి వెతుకుతుంది. కిందికి వెతుకుతుంది. ప్రణవ్ "నాలుగు నిమిషాలు" అని రాసుకుంటాడు.

"ఏమోయ్ హైమా, గొళ్ళెం ఎక్కడ పెట్టించావు? కాళ్లు చల్లబడిపోతున్నాయోయ్."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంటుంది. తొమ్మిది నిమిషాలు. పది. కొంగు దానంతటదే జారిపోతుంది.

"కుడివైపండీ!"

"అయ్యో మేడం! అంతా పాడుచేశారు" అంటూ ప్రణవ్ తలుపును గోడమీంచి ఒలిచి, చెయ్యి లోపల ఉండగానే నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుంటాడు.

అతను వీధిలో నడుస్తుంటే జేబులోంచి చప్పుడొస్తుంది. మూడుసార్లు, ఆగి, ఒకసారి. చొక్కా తడిసి, నడుముదాకా నీళ్లు కారుతుంటాయి. జేబు కుడి అంచున చిన్న గొళ్ళెం కదులుతుంది.

తలుపు ఇంకా తెరుచుకోలేదు.