సెలవుల వారంలో లెక్కపెట్టిన రోడ్డు

కరింగల్ ఊరి హాల్లో ఆ ఆగస్టు సాయంత్రం నన్ను ప్రశ్న అడిగింది ఒక్కరే. అంతకుముందు గంటన్నర సేపు జనం గ్యాస్ గురించే అడిగారు. భూమి కింద కిలోమీటరున్నర లోతున, ఎప్పుడో ఖాళీ అయిపోయిన పొరలో ఎండాకాలం సహజవాయువు నింపి, చలికాలం మెల్‌బోర్న్ ఇళ్ళలో హీటర్లు వెలిగినప్పుడు తోడుకునే ఏర్పాటు అది. చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఇప్పుడు కంపెనీ ఇంకో నాలుగు బావులు తవ్వుతానంది. పేలుతుందా, బోరు నీళ్ళలోకి దిగుతుందా, ఆవులకేమైనా అవుతుందా అని అడిగి అడిగి అందరూ అలిసిపోయాక నా వంతు వచ్చింది.

నా పేరు రోవీనా టలక్. రోడ్ల మీద బండ్లు లెక్కపెట్టడం నా పని. ఎక్కడైనా కొత్తగా ఏదైనా కడతామంటే, ఆ దారిలో ఇప్పుడెన్ని బండ్లు తిరుగుతున్నాయి, రేపెన్ని తిరుగుతాయి, రోడ్డు తట్టుకుంటుందా అని చూసి, రిపోర్టు రాసి, కింద సంతకం పెడతాను. పదిహేడేళ్ళుగా అదే పని. ఈ నాలుగు బావుల కోసం ఏడు నెలల పాటు రోజుకు ముప్పై ఎనిమిది లారీలు పైపులు, సిమెంటు, నీళ్ళు మోసుకుని స్ట్రాకన్ రోడ్డు మీద వెళ్ళాలి. రోడ్డు తట్టుకుంటుందని రాశాను. తెర మీద పట్టిక వేసి అదే మాట చెప్పాను.

వెనక వరసలోంచి నీలం స్వెట్టర్ వేసుకున్న పెద్దావిడ లేచింది. పేరు డల్సీ హార్కిన్ అనీ, ఇరవయ్యారేళ్ళుగా ఆ రోడ్డు మీద బడి బస్సు నడుపుతోందనీ తర్వాత తెలిసింది.

"ఆ రబ్బరు గొట్టాలు రోడ్డుకడ్డంగా ఏ వారం వేశావమ్మాయ్?"

బండ్లు దాటినప్పుడల్లా లెక్క నమోదు చేసే గొట్టాల గురించి అడుగుతోంది.

"జులై మొదటి వారం."

"అంటే నా బస్సు షెడ్డులో పడుకున్న వారమన్నమాట. పిల్లలకు సెలవులు. పైగా ఆవులన్నీ వట్టిపోయున్నాయి, పాల ట్యాంకర్లు వచ్చిందే లేదు. మరి నువ్వేం లెక్కపెట్టావు, మ్యాగ్‌పై పిట్టల్నా?"

హాలంతా ఘొల్లుమంది. నా పక్కన కూర్చున్న కంపెనీ మనిషి యువన్ లిడ్జెట్ కూడా నవ్వాపుకుంటూ పెదవి కొరుక్కున్నాడు.

"సెలవులని మాకు తెలుసండి. అందుకే వచ్చిన లెక్కకు పన్నెండు శాతం కలిపాం," అన్నాను.

"పన్నెండు శాతమా! మీ పన్నెండు శాతం పెటిగ్రూ వాళ్ళ గేటు దగ్గర ఆగి, తలుపు తీసి, పిల్లనెక్కించుకుంటుందా?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

నిజానికి జూన్ రెండో వారంలోనే గొట్టాలు వేశాను. మూడో రోజు రోడ్డు చదును చేసే యంత్రం వాటిని చీల్చుకుంటూ పోయింది. ఇంకో జత తెప్పించి వేసేసరికి సెలవులొచ్చాయి. రిపోర్టు జులై నెలాఖరుకల్లా ఇవ్వాలని మా ఆఫీసు యజమాని గ్రేమ్ పాస్కో తొందర పెట్టాడు. సెలవుల సంగతి ముప్పై ఒకటో పేజీలో ఒక్క వాక్యంలో రాశాను. కౌన్సిల్ ఇంజనీరు చదివి సరేనన్నాడు. పథకానికి అనుమతి వచ్చే గురువారం.

ఇంటికొచ్చి చేసుకున్న సూప్ అలాగే చల్లారిపోయింది. పొద్దున్నే గ్రేమ్‌కు ఫోన్ చేశాను.

"ఒక బస్సు డ్రైవరు వెటకారమాడితే ఇంత కంగారేంటి రో? కౌన్సిల్ ఒప్పుకుంది. ఇక దాన్ని కదపకు," అన్నాడు.

"బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో నేను చూడలేదు గ్రేమ్."

"బస్సు లేని వారంలో ఎలా చూస్తావు?"

ఆ మాట అనేశాక తనకే వినపడినట్టుంది. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

సోమవారం ఉదయం ఏడింటికి డల్సీ షెడ్డు దగ్గరికి వెళ్ళాను. బస్సులో బయటివాళ్ళెవరైనా ఎక్కాలంటే బడి ఒప్పుకోవాలి. శుక్రవారమే వాళ్ళ అనుమతి తీసుకున్నాను. ఆవిడ టైర్లను కాలితో తన్ని చూస్తోంది.

"వచ్చావా! రావనుకున్నాను," అంది. "ముందు సీట్లో కూర్చో. ఆ గడియారం దేనికి?"

"సెకన్లు చూడ్డానికి."

"చూడు మరి. నాకైతే కడుపే గడియారం. పెటిగ్రూ వాళ్ళ గేటు ముందు మిట్ట దగ్గరికొచ్చేసరికి రోజూ దేవుతుంది."

పల్లాల్లో పొగమంచు ఇంకా విడలేదు. రోడ్డు వెడల్పు ఐదున్నర మీటర్లు. నేను కొలిచిందే. కాగితం మీద ఐదున్నర సరిపోతుంది. ఎత్తు సీట్లో కూర్చుని చూస్తే, ఎదురుగా ఏదొచ్చినా ఒక పక్క చక్రాలు కంకరలోకి దించాల్సిందేనని తెలిసింది. మొదటి రెండు గేట్ల దగ్గర ఆరుగురు పిల్లలెక్కారు. మూడో గేటు దగ్గరికొస్తుంటే డల్సీ తలకు పైన బిగించిన రేడియో గరగరలాడింది.

"డల్సీ, ఎక్కడున్నావే ముసలిదానా?"

"రెండో గేటు దాటాను. నువ్వు?"

"వంతెన దగ్గర. నిండు ట్యాంకరు. ఆగుతున్నాలే, నువ్వు పో."

వంతెన దగ్గర పాల ట్యాంకరు నిజంగానే పక్కకు తీసి ఉంది. డ్రైవరు రెండు వేళ్ళెత్తి ఊపాడు. డల్సీ కూడా అలాగే ఊపింది.

"ఈ రోడ్డు మీద మేం బతుకుతున్నది ఇలా," అంది. "నా టైమింగు వాడికి తెలుసు, వాడిది నాకు తెలుసు. ఈ ముక్క నీ గొట్టాలకు పట్టిందా?"

పట్టలేదు. నేను రాసుకుంటుంటే బస్సు మిట్ట ఎక్కి దిగింది. దిగీ దిగగానే కుడివైపు తెల్ల గేటు. పెటిగ్రూ వాళ్ళది. ఎనిమిదేళ్ళ ఐవీ అనే పిల్ల ఎరుపు కోటుతో గేటు దగ్గర నిలబడి ఉంది. బస్సెక్కాలంటే రోడ్డు దాటాలి. డల్సీ బస్సాపి దీపాలు మిణుక్కుమనిపించింది.

"నేను చెయ్యెత్తేదాకా అడుగు తియ్యదు. అలా నేర్పాను," అంటూ అద్దంలో వెనక్కి చూసింది. చెయ్యి ఎత్తబోయింది.

అప్పుడే అద్దంలో మిట్ట మీద రెండు దీపాలు కనబడ్డాయి.

నా వేలు గడియారం మీట నొక్కింది. ఎందుకు నొక్కానో తెలీదు, అలవాటు. డల్సీ సగం లేచిన చేతిని దించి, అరచెయ్యి కిటికీ అద్దానికి ఆనించి, ఇంకో చేత్తో హారను నొక్కిపట్టింది. "ఆగు ఐవీ! ఆగక్కడే!" అని అరిచింది. వెనక నుంచి బ్రేకుల కీచు. లారీ బస్సును తప్పించుకుంటూ కుడివైపుకు, అంటే ఐవీ దాటాల్సిన చోటికే దూసుకొచ్చింది. బస్సుకూ గేటుకూ మధ్యన పెద్ద చప్పుడుతో పోయింది. కంకర రాళ్ళు కిటికీలకు టపటపా కొట్టుకున్నాయి.

లారీ పోయాక ఎరుపు కోటు కనబడింది. పిల్ల గేటు స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడే ఉంది.

గడియారంలో ఆరు సెకన్లు. మిట్ట మీద కనబడ్డాక లారీ గేటు దాటడానికి పట్టింది అంతే.

డల్సీ దిగి వెళ్ళి ఐవీని ఎత్తుకున్నట్టే తీసుకొచ్చి, మొదటి సీట్లో కూర్చోబెట్టింది. నేను కూడా దిగాను. లారీ నలభై మీటర్ల అవతల వంకరగా ఆగి ఉంది. డ్రైవరు పాలిపోయిన ముఖంతో నడిచొస్తున్నాడు. లారీ మీద మట్టి పరీక్షించే యంత్రం ఉంది. కొత్త బావుల చోటికే పోతున్నాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు. "ఈ రోడ్డుకు రావడం ఇదే మొదటిసారి. ఇక్కడ బస్సాగుతుందని నాకెవరూ చెప్పలేదు."

"చెప్పాల్సిన మనిషి ఇదిగో, ఇక్కడే ఉంది," అంది డల్సీ నన్ను చూపించి.

డల్సీ బస్సెక్కి పిల్లల్ని తీసుకుని బడికి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయి దూరం నడకతో కొలిచాను. మిట్ట నుంచి గేటుకు నూట ఇరవై ఎనిమిది అంగలు, నా అంగ సరిగ్గా మీటరు. నిండు లారీ ఆ వేగంలో ఆగడానికి రెండువందల మీటర్లు కావాలి. ఈ లెక్క నాకు కొత్తది కాదు. గ్యాస్ సైట్ గేటు దగ్గర ఇదే లెక్క చూసి 'చూపు దూరం సరిపోతుంది' అని రాశాను. పెటిగ్రూ వాళ్ళ గేటు దగ్గర చూడాలని తోచలేదు. కాసేపటికి ఐవీ వాళ్ళమ్మ డెయిరీ షెడ్డులోంచి బూట్లతోనే పరిగెత్తుకొచ్చింది. పిల్ల బస్సెక్కిందని చెప్పాను. ఆవిడ రోడ్డు మీది టైర్ల చారల వంక చూసింది, నా వంక చూసింది, నేనెవరో అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో.

పదింటికల్లా గ్రేమ్ ముందున్నాను. జరిగింది చెప్పాను.

"రిపోర్టు వెనక్కి తీసుకుంటాను."

"మూడు రోజుల్లో అనుమతి పెట్టుకుని? ఒకటి వెనక్కి తీసుకుంటే ఇన్నేళ్ళుగా మనమిచ్చినవన్నీ తవ్వుతారు, అది ఆలోచించావా?"

"ఆలోచించాను. సంతకం నాది. నువ్వు పంపనంటే నేనే కౌన్సిల్‌కు ఉత్తరం రాస్తాను."

గ్రేమ్ నా రిపోర్టు తీసి ముప్పై ఒకటో పేజీ తిప్పాడు. మంచివాడే. నాకు ఈ పని నేర్పింది తనే. "ముందు నాకు చూపించి పంపు," అన్నాడు చివరికి. "తప్పులు లేకుండా రాయి. ఈసారైనా."

ఉత్తరంలో ఏదీ దాచలేదు. గొట్టాలు తెగిన సంగతి, సెలవుల వారం, నేను చూడని బస్సు స్టాపులు, ఆ ఉదయం ఆరు సెకన్లు, అన్నీ రాశాను. పంపాక రెండు రోజులు ఫోన్ మోగితే చాలు గుండె జారిపోయేది. కంపెనీ నా మీద కేసు వేస్తుందనుకున్నాను. లైసెన్సు పోతుందనుకున్నాను. అంతకంటే ఎక్కువ భయం వేరే ఉంది: కౌన్సిల్ నా ఉత్తరాన్ని పక్కన పడేసి గురువారం అనుమతి ఇచ్చేస్తుందేమోనని.

బుధవారం సాయంత్రం యువన్ లిడ్జెట్ ఫోన్ చేశాడు.

"తవ్వే యంత్రం సెప్టెంబరుకు మాట్లాడిపెట్టుకున్నాం రోవీనా. ఇప్పుడది చేజారితే మళ్ళీ ఫిబ్రవరికి గానీ దొరకదు. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మా లారీయేనట కదా?"

"అవును."

అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "నాకూ ఇద్దరు పిల్లలున్నారు, బడి బస్సులోనే పోతారు," అన్నాడు. "గురువారం విచారణ వాయిదా వెయ్యమని మేమే అడుగుతున్నాం. మళ్ళీ లెక్కపెట్టు. కానీ మా పైవాళ్ళకు నీ పేరు వినపడితే చాలు, మండిపోతున్నారు. అదీ తెలుసుకో."

ఆగస్టు చివర్లో మళ్ళీ గొట్టాలు వేశాను. ఆవులు ఈనాయి, పాల ట్యాంకర్లు తిరుగుతున్నాయి, బడులు నడుస్తున్నాయి. జులైలో రోజుకు రెండువందల ముప్పై ఆరు బండ్లని రాసిన రోడ్డు మీద నాలుగువందల పన్నెండు తేలాయి. పెద్ద బండ్లు ఇరవై రెండు కాదు, డెబ్బై ఒకటి. వాటి మీద ఇంకో ముప్పై ఎనిమిది లారీలు సెప్టెంబరులో దించేవాళ్ళం.

కొత్త రిపోర్టులో బస్సు తిరిగే వేళల్లో, పొద్దున తొమ్మిది లోపలా సాయంత్రం మూడు నుంచి నాలుగున్నర దాకా, లారీలు రోడ్డెక్కకూడదని రాశాను. ప్రతి డ్రైవరూ డల్సీ వాళ్ళ రేడియో ఛానెల్‌లోనే మాట్లాడాలి. ఐవీ స్టాపును మిట్టకు దూరంగా, పాత గడ్డి షెడ్డు దగ్గరికి జరపాలి. రోడ్డు అంచులు గట్టి చెయ్యాలి. కౌన్సిల్ అన్నీ ఒప్పుకుంది. కంపెనీ కొన్నిటికి గొణిగింది, ఒప్పుకుంది. లారీలు ఫిబ్రవరిలో మొదలయ్యేలా ఖాయమైంది.

గ్రేమ్ నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. గ్యాస్ పనుల నుంచి మాత్రం తీసేశాడు. దుకాణాల ముందు కార్లు నిలిపే స్థలాలు లెక్కపెట్టే పని ఇచ్చాడు.

లారీలు మొదలైన రోజు సెలవు పెట్టుకుని వెళ్ళి గడ్డి షెడ్డు దగ్గర నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఐవీ ఎక్కింది. డల్సీ కిటికీ దించింది.

"ఇక్కడేం చేస్తున్నావ్? నీకు జీతమిస్తున్నారా?"

"లేదు. ఉత్తినే." తర్వాత అడిగేశాను. "ఇప్పుడు నిశ్చింతగా ఉందా డల్సీ?"

"నిశ్చింతా? రోజుకు ముప్పై ఎనిమిది మంది కొత్తవాళ్ళొస్తుంటే నిశ్చింతేంటి తల్లీ! ఏడు నెలలూ నా కడుపులో దేవుతూనే ఉంటుంది." గేరు మార్చింది. "కాకపోతే నాతోబాటు నీకు కూడా దేవుతోందిగా. అంతవరకు నయం."

బస్సు వెళ్ళాక నేను స్ట్రాకన్ రోడ్డు మొదట్లోకి వెళ్ళాను. తొమ్మిదికి ఎనిమిది నిమిషాలున్నాయనగా పైపుల లారీ ఒకటి అక్కడికి వచ్చింది. లారీ పక్కకు తీసి ఆగింది. డ్రైవరు ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాడు. తొమ్మిదైంది. బయల్దేరాడు.

ఆ ఏడు నెలల్లో డల్సీ నాకు పదకొండు సార్లు ఫోన్ చేసింది, తొమ్మిదిసార్లు తిట్టడానికే. ఒక లారీ పెటిగ్రూ వాళ్ళ ఉత్తరాల డబ్బాను పడగొట్టింది. ఒకటి బురదలో దిగబడితే ట్రాక్టరుతో లాగారు. ఒక డ్రైవరు ఎనిమిదిన్నరకే రోడ్డెక్కితే, పాల ట్యాంకరువాడు తన బండి అడ్డం పెట్టి తొమ్మిదిదాకా కదలనివ్వలేదట. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

చివరి ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక బజారు వెనకాల కుర్చీ వేసుకుని, లోపలికొచ్చే కార్లు లెక్కపెడుతున్నాను.

"ఆఖరి లారీ ఇప్పుడే పోయింది," అంది డల్సీ. "నేను చూస్తుండగానే. నీకు చెబుదామని."

"పోయిందా?"

"పోయింది. ఏడుస్తున్నావా ఏంటి? పిచ్చిదానా! పో, నీ పని చూసుకో."

ఫోన్ పెట్టేసి చూస్తే లెక్క తప్పిపోయింది. కార్లు వస్తూనే ఉన్నాయి. కాగితం తిరగేసి, టైము రాసుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.