పొట్లంలో మిగిలిన పొడి

మా మియావోలి కొండల్లో నోటి క్యాన్సర్‌ను గంజి తాగి ఓడించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే నా చెంప మీది కుట్లు చూడండి.

నా భార్య షియుచిన్ ముప్పయ్యేళ్లు రోడ్డు పక్క కొట్లో కూర్చుని వక్కలకు సున్నం రాసి ఆకు చుట్టింది. సున్నం ఘాటు సరిపోయిందో లేదో పూటకొకటి నమిలి చూసేది. నేనైతే పొద్దస్తమానం నమిలేవాణ్ణి. చెంప కోశారు, కిరణాలు పెట్టారు. నోరంతా పుళ్లు.

డాక్టరు మేలుచేసే బ్యాక్టీరియా పొడి ఇచ్చాడు. "దీంతో పుళ్ల బాధ తగ్గొచ్చమ్మా. క్యాన్సర్‌కు మందు మాత్రం కాదు. వేడి గంజిలో వేశారో, అవి చచ్చిపోతాయి."

ఆమె గిన్నెలు మార్చి మార్చి గంజి చల్లార్చేది. "చల్లారిన గంజి చచ్చిన మా తాతకు పెట్టు!" అని కసిరేవాణ్ణి. మా అక్క వంత పాడేది: "మా అమ్మ కాళ్లతో తొక్కిన ఆవ ఆకుల ఊరగాయలో లేని పురుగులా, మరదలా, ఆ పొట్లంలో?"

షియుచిన్ గంజిని ఇంకో గిన్నెలోకి వంచేది. గంజి వేడిగా ఉందా అని నలభయ్యేళ్లుగా అడిగారు, నువ్వు తాగావా అని అడిగినవాళ్లు లేరు; ఈ ఇంట్లో నోరున్నది ఈయనొక్కడికేనా అనుకునేది. తన ఎడమ బుగ్గ లోపల బియ్యపుగింజంత తెల్లమచ్చ. రోజూ నేను తాగాక, పొట్లంలో మిగిలిన పొడిని వేలికద్దుకుని ఆ మచ్చకు రాసుకునేది. మచ్చ పెరిగింది.

"పక్కింటామెకు బుగ్గలో తెల్లమచ్చ ఉంది, ఈ పొడి రాస్తే పోతుందా?" అని డాక్టరునడిగింది.

"పొడితో మచ్చ పోదమ్మా. ఆమెను వెంటనే రమ్మనండి" అన్నాడాయన, ఆమె బుగ్గ వైపే చూస్తూ. ఈ సంగతి నాకు తర్వాత ఆయనే చెప్పాడు.

మర్నాడు గంజి గిన్నె, పొట్లం నా ముందు పెట్టి చెప్పులేసుకుంది. "వేలు పెట్టి చూడు. కాలకపోతే పొడి కలుపుకో."

"ఎక్కడికే? నాకెవరు కలుపుతారు?"

"నా నోరు చూపించుకోవాలి."

బస్సులో కిటికీకి తల ఆనించి, ఆస్పత్రి దాకా ఏడ్చింది. మచ్చ ఇంకా క్యాన్సర్ కాలేదట, కోసి తీసేశారు.

నన్ను నిలబెట్టింది డాక్టర్ల కత్తి, కిరణాలు. ఆ బాధలో నా నోట మెతుకు దిగిందంటే ఆమె చల్లార్చబట్టే. నేను చేసిందల్లా కసరడమే. ఇకపోతే, బస్సులో ఏడుపు నా కల్పన. తోడు వెళ్లనివాడికి ఏం తెలుస్తుంది? అడిగితే ఆమె చెప్పింది:

"ఏడవలేదయ్యా. నిద్రపోయాను. ఎవరూ లేపలేదు."