వర్ధని చేతికంప్యూటరు

భాద్రపదమాసమున నెడతెగని ముసురు దినములలో నొకనాఁటి మధ్యాహ్నవేళ కాకినాడ రేవుపై నీలమేఘమాలికలు దట్టముగాఁ గ్రమ్ముకొని శ్యామలసాగరజలములతో నేకమై దిగంతరేఖను రూపుమాపెను. తీరమునఁ గట్టఁబడిన మరపడవలు తరంగాఘాతములకు మెల్లమెల్లఁగా నూఁగుచుండెను. ఎండవలసిన వలలు తడిసి బరువెక్కి యిసుకపైఁ బడియుండెను.

ఆ రేవున మరపడవల యింజనులను బాగుచేయు తాతారావు నలువదియేండ్లవాఁడు. తుప్పుపట్టి మూలఁబడిన యంత్రమునైనను భాగభాగమును విప్పి యరిగినదానిఁ దీసి క్రొత్తదాని నమర్చి మరలఁ బలికింపఁగల నేర్పరి యని యతనికిఁ బేరు. మనుష్యుఁడు కూర్చినదానిని మనుష్యుఁడు విప్పలేకపోవుట యుండదని యతని దృఢవిశ్వాసము. తలిదండ్రులు గతించిన పిమ్మట నతనికి మిగిలిన యాత్మబంధువు వర్ధని యను చెల్లె లొక్కతియే. కండరములను గ్రమక్రమముగా క్షీణింపఁజేయు దారుణవ్యాధి యామెను బదునేడవయేట మంచమునఁ జేర్చెను. కూర్చుండి కంప్యూటరుముం దాడుకొను భాగ్యమును నశింపఁగాఁ దాతారావు పరుండియే రెండుచేతులఁ బట్టి యాడుకొనఁదగిన చేతికంప్యూటరు నొకదానిఁ గొని తెచ్చెను. నాఁటినుండి గడప దాఁటనేరని యా తరుణి యా పలకలోని ఘోరకాంతారములఁ జరించుచు గిరిశిఖరముల నెక్కుచు మహానదుల నీఁదుచు మూఁడేండ్లు గడపెను.

ఆ ముసురునాఁడు భోజనమునకు వచ్చిన యన్నను జూచి యామె దీనముగాఁ బలికెను.

“అన్నయ్యా, ఆటలో కొండ అవతలి ఊళ్ళు కొత్తగా వచ్చాయంట. నా దాంట్లో తెరుచుకోవట్లేదు. మెమరీ చాలదంటుంది.”

“దానికేముందమ్మలూ! చాలనిది మార్చేద్దాం.”

అతఁడు దానిఁ గొని కంప్యూటర్లు బాగుచేయు ఖాదర్‌వలీ దుకాణమున కేఁగెను. వలీ సన్నని మరలను విప్పి మూఁత దీసి కొంతసే పవలోకించి తల యడ్డముగా నూఁపెను.

“డిస్కు అయితే మార్చొచ్చండి, పెద్దది వేస్తే ఆటలు ఎక్కువ పడతాయి. మెమరీ మాత్రం బోర్డుకే టంకం వేసేశారండి. ఊడదీస్తే బోర్డే పోద్ది.”

“మరి కొనుక్కున్నవాడు పెంచుకోవాలంటే?”

“పెంచుకోడం ఉండదండి, మొత్తం కొత్తది కొనుక్కోడమే. అదీ ఇప్పుడు మెమరీ రేట్లు మండిపోతున్నాయి కదండి, మీరు నలభై వేలకి కొన్నలాంటిది లక్ష దాటింది.”

గోటియంత లేని యా నల్లని తునుకలను దాతారావు వ్రేలితోఁ దడిమి చూచెను. తన పనిముట్ల కలవడని యంత్రము నతఁడు చూచుట యదియే ప్రథమము.

పిదప నతఁడు మోటారుసైకి లమ్మెను, చీటీ పాడెను, రేవునకు రెండుకోసులు ప్రతిదినమును గాలినడకను బోవుచు నెలన్నర గడపి యాశ్వయుజమాసమున నొక నిర్మలప్రభాతమునఁ గ్రొత్తదానిఁ దెచ్చి చెల్లెలి చేతులయం దుంచెను. దాని తెర విశాలము, బ్యాటరీ పెద్దది, ఆ మేరకు బరువును హెచ్చు. వర్ధని నవ్వుచు దాని నెత్తఁబోయెను. మణికట్లు వడఁకెను. ఆ పలక యామె ఱొమ్ముపై నొరిగిపోయెను. తాతారావు దిండు నాసరాగా నుంచెను గాని యామె బొటనవ్రేళ్లు మీటలను నొక్కఁజాలవయ్యెను.

“ఎప్పట్నుంచమ్మలూ ఇలా?”

“వానలు మొదలైన దగ్గర్నుంచి. పాతది తేలిక కదా, ఎలాగో నెట్టుకొచ్చాను. నువ్వంత ఆశగా తిరుగుతుంటే ఎలా చెప్పను?”

అతఁ డా కృశహస్తములను దన కరకుచేతులలోఁ గొని పరికించెను. వానియం దేది విప్పి యేది మార్చవలయునో యతఁ డెఱుఁగఁడు.

“తిరిగిచ్చేస్తాను” అని యతఁడు పలకను దీయఁబోయెను.

“ఇవ్వకు. నువ్వాడు, నేను దారి చెబుతాను.”

ఎన్నఁడును నాట లెఱుఁగని యా యంత్రకారుఁడు చెల్లెలి ప్రక్కఁ బరుండి పలకను బట్టెను. తెరలోని బాటసారిని నడపుచు మూఁడుమాఱు లగాధమునఁ బడెను. పడిన ప్రతిపర్యాయమును వర్ధని యాయాసముతో నవ్వెను. ఆ నవ్వు విని యతఁడు నాలవమాఱు కావలెననియే పడెను. ఎట్టకేలకుఁ గొండ దాఁటఁగాఁ బసుపుపూల పొలములమధ్య నొక పల్లె గోచరించెను.

“చూశావా, ఎంత బాగుందో!” అని యామె మెల్లఁగాఁ బలికెను. “ఆ వంతెన దాటాక రెండు దారులొస్తాయి. అక్కడ ఆగు. ఎటెళ్ళాలో నేను...”

మాట ముగియకమున్నే యామె శిర మన్నభుజమున వ్రాలెను. అలసట నామె నిద్రించెను. తాతారావు వంతెనను దాఁటి రెండుదారులు చీలుచోట నాగెను. తెరపై నెవ్వరును లేని యా బాటలమీఁద గాలి వీచుచుండెను, పసుపుపూలు తలలూఁచుచుండెను, దారి చెప్పువారు లేని బాటసారి కదలక నిలిచియుండెను. అతఁ డొక్క మీటనైనను నొక్కక చెల్లెలి యూపిరిని వినుచుఁ దెర చీఁకటి యగుదాఁక నట్లే వేచియుండెను.