నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు

నడక మొదటిరోజు పొద్దున మా గుంపు పెద్ద డ్రైవరుగారు నన్ను పిలిచి వరసలో అందరికంటే ముందు నిలబెడితే, నాయకత్వం అప్పగించాడనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త పొంగిపోయాను కూడా. కర్టెన్లు కుట్టే కొట్లో ఇన్నేళ్లుగా పదిమంది చేత పని చేయించినదాన్ని, ఆ దర్జా ముఖంలోనే కనిపించి ఉంటుందనుకుని కొంగు బిగించి నడిచాను. మధ్యాహ్నం నీడ పట్టున ఆగినప్పుడు బేకరీ ఆవిడ నా సంబరం మీద నీళ్లు చల్లింది.

"నాయకత్వమా పాడా వదినగారూ! అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెడతారు. వాళ్లు ఎంత నడిస్తే మిగతావాళ్లూ అంతే నడవాలి. లేకపోతే వాళ్లు వెనకబడి ఏ మలుపులోనో తప్పిపోతారట."

"మరి ఆఖరున ఎవరు?"

"జోరుగా నడిచేవాళ్లు. ఇంకెవరు, మీ కోడలే!"

నములుతున్న రొట్టె పక్కన పెట్టాను. వెనక్కి తిరిగి చూశాను. ఆ పిల్ల దూరంగా ఒక బండ మీద కూర్చుని, బూటు విప్పి లోపలి ఇసుక దులుపుకుంటోంది. నా కోడలు. కోడలేనా? వానాకాలంలోనే దానికీ మావాడికీ విడాకులైపోయాయి. ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు, అదీ చెప్పినట్టు లేదు.

ఎందుకు విడిపోయారో నాకే తెలీదు. కొట్టుకున్నారా అంటే లేదు, తిట్టుకున్నారా అంటే అదీ లేదు. మావాణ్ణి కూర్చోబెట్టి నిలదీస్తే, "కుదరలేదమ్మా" అన్నాడు. కుదరకపోవడానికి ఇదేమన్నా జాకెట్టా, కుట్టు విప్పి మళ్లీ వేయడానికి? దాన్ని అడుగుదామంటే నాకు నోరు రాలేదు. కొడుకు వైపు మనిషిని కదా, అడిగే మొహం ఏదీ? కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. నాకు కోడలు లేకుండా పోయి ఇన్నాళ్లయింది, గుణం ఏ మూలా పెరిగినట్టు లేదు.

అసలు ఈ నడక పిచ్చి నాకు అంటించింది అదే. ఎడమ మోకాలు పట్టేసి నేను మెట్లు దిగలేకపోతుంటే, కన్నకొడుకు "నూనె రాసుకో అమ్మా" అని ఊరుకున్నాడు. అది మాత్రం సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల, మనిషిని చూడగానే నరం ఎక్కడుందో చెప్పేస్తుంది. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున్నే నా దుప్పటి లాగేసి పార్కులో తిప్పేది. అక్కడే డ్రైవరుగారి నడక బృందం తగిలింది. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. కొండల్లోని ఆనకట్ట దగ్గర్నుంచి సముద్రం దాకా ఐదు రోజుల నడక ఉందనీ, గుంపులుగా నడవాలనీ, గుంపులో ఒక్కరు తగ్గినా ఎవరూ పూర్తి చేసినట్టు కాదనీ ఆయన చెబితే, మా ఇద్దరి పేర్లూ అదే ఇచ్చేసింది.

టెంటు కూడా ఇద్దరం కలిసే కొన్నాం, పాత సామాన్ల అంగడిలో. పైన చిరుగుంటే నేను అతుకు వేశాను. మిగిలిపోయిన కర్టెను గుడ్డతో రెండు సంచులు కుట్టాను. గొట్టాలకి పొడుగు సంచి, అది నాది. గుడ్డకి చదరం సంచి, బరువు ఎక్కువ కాబట్టి దానిది. ఇల్లు వదిలి ల్యాబు దగ్గర గదిలోకి మారినప్పుడు ఆ చదరం సంచి దాని సామాన్లతో వెళ్లిపోయింది. పొరపాటున వెళ్లిందో, కావాలనే తీసుకెళ్లిందో నాకు తెలీదు. పొడుగు సంచి మాత్రం మా బీరువా పక్కనే ఉండిపోయింది.

తర్వాత మా మధ్య మాటల్లేవు. డ్రైవరుగారు ఫోన్ చేసి "అందరూ వస్తున్నారుగా అక్కగారూ, ఒక్కరు మానేసినా గుంపంతా పోతుంది" అంటే, "ఆ, వస్తున్నాం" అనేశాను. అది రాదులే, రాకపోతే గుంపు చెడగొట్టిన పాపం నాది కాదు అనుకున్నాను. అది కూడా అదే అనుకుందేమో. ఆనకట్ట దగ్గర బస్సు దిగేసరికి చదరం సంచి భుజానికి తగిలించుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"వచ్చావా?" అన్నాను.

"వచ్చారా?" అంది.

అంతే. ఐదు రోజులకీ అదే మొదలు. వచ్చింది నాకోసమా, గుంపు కోసమా, ఇచ్చిన మాట కోసమా? నడుస్తున్నంతసేపూ ఇదే నా చెవిలో జోరీగ. ఇంకోటి కూడా గమనించాను. అది నన్ను ఏమనీ పిలవడం లేదు. "ఇదిగోండి నీళ్లు." "ఇలా రండి, అక్కడ జారుతుంది." ఒకప్పుడు మాటకి ముందొక అత్తయ్య, వెనకొక అత్తయ్య ఉండేవి. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా వదిలేసి మాట్లాడుతోంది. తప్పు పట్టడానికి నాకు హక్కుందో లేదో కూడా తెలియలేదు.

సాయంత్రాలు మాత్రం మాట్లాడక తప్పేది కాదు. టెంటు ఒక్కరి వల్ల లేచేది కాదు మరి. నేను గొట్టం దూరిస్తే అటుచివర అది అందుకోవాలి. "పట్టనా?" అంటే "పట్టండి." "లాగనా?" అంటే "లాగండి." మూడోరోజు వానలో కూడా మూడు మాటల్లో టెంటు నిలబెట్టేశాం. పక్కన పళ్ల డాక్టరు తన కొత్త టెంటుతో కుస్తీ పడుతూ, "ఆంటీ, అత్తాకోడళ్లంటే మీరేనండీ" అన్నాడు. ఇద్దరం చెరో వైపు చూశాం.

ఆ రోజు ముందు నడుస్తూ లెక్కలేనన్నిసార్లు అనుకున్నాను, నడక అయిపోతే ఏమవుతుందని. దాన్ని చూడటానికి నాకు ఏ సాకూ ఉండదు. టెంటు అప్పగింతలు అయిపోతాయి. దారిలో ఎదురైతే బాగున్నారా అంటే బాగున్నావా అనుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం. అది నాకు వద్దు. ఆ పిల్ల నాకు కావాలి. ఇంత చిన్న మాట దానితో చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఆఖరి రోజు చివరి గుట్ట ఎక్కగానే సముద్రం కనిపించింది. అందరూ కేకలు పెట్టారు. ఒడ్డున గాలి నింపిన పసుపు ఆర్చి చిన్నగా కనబడుతోంది. పొద్దుగూకేలోపు, సైరన్ మోగకముందే దాని కిందనుంచి పోవాలి. కావలసినంత సమయం ఉంది, దిగుడు దారి. నా కాళ్లు మాత్రం నత్తనడక పట్టాయి. పట్టాయి అంటున్నాను గానీ పట్టించింది నేనే. మొదట నాకే తెలియలేదు. తెలిశాక కూడా మానలేదు.

"ఆంటీ, కాస్త కదలండి!" పళ్ల డాక్టరు వెనకనుంచి అరిచాడు. "డ్రైవరుగారూ, ఇవాళొక్కరోజు ముందుకెళ్లనివ్వండి, నేను వెళ్లి ఆర్చి దగ్గరవాళ్లని ఆపుతాను."

"ఓవర్‌టేక్ ఒప్పుకోను. వరసంటే వరసే."

"వరస పట్టుకుని ఊగితే పతకం పోతుందండీ!"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపం డ్రైవరుగారు నా దగ్గరికి వచ్చి, "మోకాలా అక్కగారూ?" అని మెల్లగా అడిగాడు.

"మోకాలే" అన్నాను. పచ్చి అబద్ధం. ఐదు రోజుల్లో నా మోకాలు ఇంత చక్కగా ఎప్పుడూ లేదు.

ఆ మాట వరస వెంట చివరిదాకా పోయినట్టుంది. చూస్తుండగానే అది అందర్నీ దాటుకుని పరుగెత్తుకొచ్చింది. నిబంధన తప్పినా డ్రైవరుగారు నోరెత్తలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, "ఏ కాలు?" అంది.

కంగారులో కుడి మోకాలు చూపించాను.

అది నా ముఖంలోకి చూసింది. నా నొప్పి ఎడమ మోకాల్లో అని దానికంటే బాగా ఎవరికి తెలుసు? ఎక్స్‌రే తీయించింది అదే, మందులు తెచ్చింది అదే. దొరికిపోయానురా దేవుడా అనుకున్నాను. అది కుడి మోకాలి చుట్టూ వేళ్లతో నొక్కి చూసింది. తర్వాత లేచి అందరికీ వినబడేలా చెప్పింది.

"బాగా వాచింది. తొందరపడకూడదు. నెమ్మదిగా దిగాలి."

అబద్ధమంటే ఏమిటో ఎరగని పిల్ల. రక్తంలో చక్కెర ఎక్కువుంటే మొహం మీదే చెప్పే మనిషి. అది ఎందుకలా అంది? నా పరువు కాపాడిందా, నామీద జాలిపడిందా, ఇంకేమైనానా? అడుగుదామనుకునేసరికి మళ్లీ వరస చివరికి వెళ్లిపోయింది. అక్కడ దాని బూటు తాడు మాటిమాటికీ ఊడిపోతోందనీ, కట్టుకోవడానికి ఆగుతోందనీ, దానికోసం అందరూ ఆగాల్సి వస్తోందనీ బేకరీ ఆవిడ విసుక్కోవడం వినబడింది. నాలుగు రోజులుగా ఊడని తాడు ఇవాళే ఎందుకు ఊడుతోందో ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు, లేదా అయిందని నమ్మడానికి భయం వేసింది.

గుట్ట సగంలో ఉండగానే సైరన్ మోగింది.

మేం ఒడ్డుకు చేరేసరికి ఆర్చి లేదు. నారింజరంగు కోటు వేసుకున్న అమ్మాయి గాలి తీసిన ఆర్చిని చాపలా చుడుతోంది. గాలి పూర్తిగా పోవడానికి ఒకాయన దాని మీద కూర్చున్నాడు.

"మేం పూర్తి చేసినట్టా, కానట్టా?" అని పళ్ల డాక్టరు అడిగాడు.

"వచ్చారు కదండీ" అంది కోటు అమ్మాయి.

"వచ్చాం. పూర్తి చేసినట్టేనా?"

"అది పైవాళ్లు చెప్పాలండీ. పతకాలైతే మీకోసం ఉంచాం, ఇవిగో."

"పూర్తి చేయకపోతే పతకాలెందుకు? పతకాలిస్తే పూర్తి చేసినట్టే కదా?"

"నాకూ అదే అర్థం కావట్లేదండీ" అని ఆ అమ్మాయి ఒక సంచి ఆయన చేతిలో పెట్టి, ఆర్చి చుట్టుకోవడంలో పడిపోయింది.

పతకాల సంచి పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డాం. సంతోషించాలో ఏడవాలో ఎవరికీ పాలుపోలేదు. చివరికి డ్రైవరుగారే చేతికర్రతో ఇసుకలో ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గీత గీశాడు.

"గీత లేకపోతే మనమే గీసుకుంటాం. పదండి, అదే వరస."

అదే వరస అంటే ముందు నేనే. గీత దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఎంత గీత? చిన్నపిల్ల కూడా దాటేస్తుంది. నా కాళ్లు మాత్రం లేవలేదు. నా వెనక బేకరీ ఆవిడ, ఆవిడ వెనక వాళ్లాయన, ఆయన వెనక పళ్ల డాక్టరు, అందరూ ఆగిపోయారు. దాటి వెళ్లడానికి లేదు కదా.

"అక్కగారూ, దాటండి" అన్నాడు డ్రైవరుగారు.

"వస్తున్నా" అన్నాను గానీ కదల్లేదు. ఏడుపొచ్చేస్తోంది. ఇంత వయసొచ్చి, ఇసుకలో గీత చూసి ఏడ్చే మనిషినా నేను అని నామీద నాకే కోపం వచ్చింది.

అది మళ్లీ వెనకనుంచి వచ్చి నా పక్కన నిలబడింది. దాని వైపు చూడకుండానే అడిగేశాను.

"ఇది దాటాక నేను నీకేమవుతానే?"

"తెలీదత్తయ్యా" అంది. "ముందు దాటండి, వెనక అందరూ ఆగిపోయారు."

నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి దాటాం. ముందుండాల్సిన మనిషి, వెనకుండాల్సిన మనిషి కలిసి దాటితే అది వరసెలా అవుతుందని పళ్ల డాక్టరు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడట. డ్రైవరుగారు మాత్రం అందరి మెడల్లో పతకాలు వేసి చప్పట్లు కొట్టాడు. మా గుంపు పూర్తి చేసినట్టో కాదో పైవాళ్లు ఇంతవరకూ చెప్పలేదు.

బస్టాండులో ఎవరి బస్సు వాళ్లం ఎక్కాం. నా దగ్గర పొడుగు సంచి, దాని దగ్గర చదరం సంచి. పొద్దున మంచుకి గుడ్డ ముద్దగా తడిసి ఉంది. "ఆరేసి తెచ్చిస్తాను" అని కిటికీలోంచి అంది. సరేనన్నాను.

వారం తిరక్కుండా మావాడు ఫోన్ చేశాడు. స్నేహితులతో ఎక్కడికో వెళ్తున్నారట, టెంటు కావాలట.

"సగమే ఉందిరా" అన్నాను.

"సగం టెంటేంటమ్మా! సగంతో ఏం చేసుకుంటావు?"

"అదే నాకూ తెలీదు" అని పెట్టేశాను. వాడికి ఏమర్థమైందో వాడికే తెలియాలి.

తర్వాత చాలాసేపు వంటింట్లోకీ బాల్కనీలోకీ తిరిగి, చివరికి దానికి ఫోన్ చేశాను. వెనక ల్యాబులో ఎవరో చిన్నపిల్ల సూది చూసి గోల పెడుతోంది.

"గుడ్డ ఆరిందా?"

ముందు ఆ చిన్నదాన్ని ఏదో చెప్పి ఊరుకోబెట్టింది.

"ఇంకా లేదత్తయ్యా" అంది.

బాల్కనీలో ఎండ చుర్రుమంటోంది. వారంగా అదే ఎండ. బతుకంతా గుడ్డలతోనే గడిపినదాన్ని, నైలాను గుడ్డ ఎండలో ఎంతసేపట్లో ఆరుతుందో నాకు తెలీదా?

"సరేలే" అన్నాను. "తొందరేం లేదు."