ఎర్రకారులో హుక్కు

“వాషింగ్ మెషిన్ దాని పని అది చేసుకుంటోందిగా, నువ్వు ఖాళీయే కదా,” అంటూ భర్త ఎర్రకారును తెచ్చి, ఆమె తరుగుతున్న ఉల్లిపాయల పక్కన పెట్టాడు.

ఆ ఇంట్లో ఉల్లిపాయలు తరిగేవాళ్ళు ఖాళీగా ఉన్నట్టే లెక్క. బట్టలు ఆరేసేవాళ్ళు చల్లగాలికి తిరుగుతున్నట్టు, పిల్ల చేత హోంవర్కు చేయించేవాళ్ళు కబుర్లాడుకుంటున్నట్టు లెక్క. అతను మాత్రం సోఫాలో కళ్ళు మూసుకుని వాలితే, ఏదో గట్టిగా ఆలోచిస్తున్నట్టు. ఆమె చేతులు కడుక్కుని, కారును రెండు చేతులా ఎత్తి అలమర మీద పెట్టింది. దానిమీద నీటిచుక్క పడినా మాట పడేది తనే.

ఎర్రకారంటే ఆ ఇంట్లో ఆషామాషీ వస్తువు కాదు. రిమోట్‌తో నడిచే కారు, మూరెడు పొడవు, వెనకాల నిటారుగా తీగ. భర్త చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎవరో ఓడ ఉద్యోగి చేత తెప్పించాడు. ఆమె పెళ్ళై వచ్చిన నాటినుంచీ అది షోకేసులో అద్దం వెనకే ఉంది. వారం వారం దాన్ని బయటికి తీసి దుమ్ము తుడిచేది ఆమే. అయినా “ఈ కారును ఇంట్లో ఎవ్వరూ ముట్టుకోరు” అని వచ్చినవాళ్ళకల్లా అతను గర్వంగా చెబుతాడు. తుడవడం ముట్టుకోవడం కిందికి రాదు కాబోలు.

కారుకో కథ ఉంది. అతని చిన్నతనంలో ఒకసారి అది ఆగిపోయిందట. నాన్న దాన్ని విప్పి, తన పాత చేతిగడియారంలోంచి చిన్న ముక్క ఒకటి తీసి లోపల బిగించాడట. అంతే, కారు పరుగో పరుగు. ఈ కథ మొదలు మాత్రం ఆమె ఎప్పుడూ వినలేదు. అప్పటికి వంటింట్లో కాఫీ కలుపుతూ ఉంటుంది. ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కథ గడియారం ముక్క దగ్గరికి వచ్చి ఉంటుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు ఏదో గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళిపోతారు. పోయిన మనిషి జ్ఞాపకం వచ్చి కష్టంగా ఉంటుందేమో అనుకునేది ఆమె.

మామగారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడీ కారుకు ఎక్కడలేని విలువా వచ్చిపడింది. పాత బొమ్మలు పోగుచేసే పెద్దాయన ఒకరున్నారు. అందరూ బొమ్మల పిచ్చాయన అంటారు. ఆదివారం ఇంటికొచ్చి, కారు నడుస్తుండగా వీడియో తీసి, కథతో సహా తన చానెల్లో పెడతానన్నాడు. కారేమో ఉలకదు పలకదు.

“నువ్వు ఆఫీసులో చేసేదీ ఇలాంటి పనేగా, కాస్త చూడు. నాన్న వేసిన ముక్క మాత్రం కదపకు, ఆయన చెయ్యిపడ్డ చోటది. మిగతాది నేను చూసుకుంటాలే,” అన్నాడు భర్త.

మిగతాది అంటే ఏమిటో ఆమెకి తెలుసు. కెమెరా ముందు నిలబడటం.

ఆమె చెవి మిషన్లు బాగుచేసే చోట పనిచేస్తుంది. వెనక గదిలో భూతద్దం కింద, బియ్యపుగింజంత భాగాలకి టంకం వేస్తూ. బాగైన మిషన్ చెవిలో పెట్టుకుని మనవడి గొంతు విన్న ముసలాయన ఒకరు కౌంటరు దగ్గర వలవలా ఏడుస్తూ, కౌంటరులో ఉన్నతని చేతులు పట్టుకోవడం ఆమె తలుపుసందులోంచి చూసింది. “మా దగ్గర మంచి కుర్రాడున్నాడు లెండి” అన్నాడతను. ఆరోజు నవ్వొచ్చింది. తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వు రాలేదు. మేనేజరు ఇంకా మంచివాడు. “మీ ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, అందుకే ఈ పని మీకు ఇట్టే వస్తుంది” అని మెచ్చుకుంటాడు. ఆమె కాలేజీకి వెళ్ళకుండా వేళ్ళొక్కటీ వెళ్ళి చదువుకొచ్చినట్టు!

శనివారం భోజనాలయ్యాక ఆమె టేబుల్ మీద పేపరు పరిచి కారు విప్పింది. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు. ఎప్పుడో లోపల మర్చిపోయిన సెల్లులు కారి, రేకుల మీద పచ్చగా చిలుము పేరుకుంది. ఆ చిలుము తీగల తొడుగుల్లోకి దూరి లోపలి రాగినంతా నల్లగా తినేసింది. ఆమె రేకులు వెనిగర్‌తో రుద్ది, తీగలు మార్చింది. బోర్డు కింద పరిచిన స్పాంజి వేలు తగలగానే పిండిలా రాలిపోయింది. ఎండిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి పెట్టింది. టంకం కరిగి, మెరిసి, గడ్డకట్టే ఆ క్షణమంటే ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. ఆ ఒక్క క్షణం ఎవరు పిలిచినా వినపడదు.

రిమోట్ నొక్కితే ముందుచక్రాలు గజగజా వణికాయి. వాటిని తిప్పేది సర్వో అనే చిన్న నల్లపెట్టె. దాన్నీ విప్పింది. లోపల ఓ మోటారు, పళ్ళచక్రాలు, వాటి అడుగున పట్టీ మీద జారే సన్నటి ముల్లు. మోటారు చక్రాన్ని తిప్పుతుంది. ముల్లు మాత్రం చక్రం ఇప్పుడెక్కడుందో క్షణక్షణం చెబుతూ ఉంటుంది. రిమోట్ వెళ్ళమన్న చోటుకీ, తనున్న చోటుకీ తేడా పోయేదాకా ఆ పెట్టె ఊరుకోదు. పట్టీ మీద మురికి పట్టడంతో తనెక్కడుందో తెలియక వణుకుతోంది. ఇదంతా చదువుకున్నదే, పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నదే. అయినా ఆ మధ్యాహ్నం ఆమెకి అబ్బురంగా తోచింది. ఒక పిల్లాడి ఆటబొమ్మ కోసం ఎవరో ఇంత ఆలోచించారు. వెళ్ళమంటే వెళ్ళడం ఒక్కటే నేర్పి వదిలెయ్యలేదు, నేనెక్కడున్నాను అని చూసుకునే ఏర్పాటు కూడా లోపల పెట్టారు. తనూ పొద్దున లేచింది మొదలు వెళ్ళమన్న చోటికల్లా వెళుతూనే ఉంది. వంటింటికి, ఆఫీసుకి, మళ్ళీ వంటింటికి. ఎక్కడున్నానని చూసుకుని ఎన్నాళ్ళయింది? పట్టీని స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ బిగించింది. వణుకు ఆగిపోయింది.

ఇక మిగిలింది వేగం మార్చే భాగం. రాగిపట్టీల మీద అటూ ఇటూ జారుతూ మోటారుకి కరెంటు అందించే చిన్న ప్లాస్టిక్ చెయ్యి. మామగారి చెయ్యిపడ్డ చోటు. మూత తీస్తుండగా భర్త వచ్చి మీదికి వంగాడు.

“అదిగో, అదే గడియారం ముక్క! చూశావా నాన్న బుర్ర!” అని ఫోటో తీసుకుని, పడుకోవడానికి గదిలోకి వెళ్ళాడు.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. గడియారం ముక్క కాదు, నా మొహం. అది హుక్కు. జాకెట్టుకు కుట్టే మామూలు హుక్కు. పైపూత పోయేదాకా అరగదీసి, ఇత్తడి బయటపడేలా చేశారు. దాని మొదట్లో ఉండే రెండు చుట్టల్లో ఒకదానికి తీగ బిగించి చుట్టి ఉంది. రెండోదాన్ని నీలం దారంతో ప్లాస్టిక్ చేతికి కుట్టేశారు. దారం ఊడకుండా దానికి మైనం పట్టించారు. రోజూ పొద్దున్నే కళ్ళతో పనిలేకుండా తన వేళ్ళు వెతికి పట్టుకునే హుక్కు. జన్మలో ఒక్కటీ కుట్టి ఎరగనివాడికి అది గడియారం ముక్కలా కనిపించడంలో వింతేముంది!

మీటరు పెట్టి చూసింది. కరెంటు నిక్షేపంగా పోతోంది. ఫ్యాక్టరీలో తయారైనవన్నీ ఎండాయి, చిలుము పట్టాయి, రాలిపోయాయి. ఈ హుక్కు మాత్రం కొత్త ఉంగరంలా మెరుస్తోంది. తలెత్తి చూస్తే, అత్తగారి చేతులు బఠాణీల మధ్య ఆగిపోయి ఉన్నాయి.

“అత్తయ్యా, మామయ్యగారికి కుట్టుపని వచ్చా?”

“ఆయనా? సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.”

“మరి ఇది?”

అత్తగారు పడగ్గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

“విప్పింది ఆయనే. విప్పి, ఉన్న ముక్క కాస్తా విరగ్గొట్టారు. దాంతో కోపమొచ్చి, ఇది దేనికీ పనికిరాదని అటకమీద పడేశారు. పిల్లాడు బెంగపెట్టుకున్నాడు. మర్నాడు ఆయన పనికీ, వీడు బడికీ వెళ్ళాక దించి చూశాను. ఏముందీ, ఏది దేనికి తగలాలో కనిపిస్తూనే ఉంది కదా. రేకు ఉండాలి, నొక్కితే వంగాలి, వదిలితే లేవాలి. అలాంటిది ఇంట్లో ఏముందా అని వెతికాను. చూస్తే నా ఒంటిమీదే ఉంది.”

“పైపూత గీకాలని ఎలా తెలిసింది?”

“ముందు తెలియలేదు. కదల్లేదు. గచ్చు మీద రుద్దితే కదిలింది.”

అన్నం మాడితే గిన్నె తోమానన్నంత మామూలుగా చెప్పారావిడ. ఫ్యూజు మార్చబోతే “మగాడు ఇంట్లో ఉండగా నీకెందుకే” అని కసిరిన మనిషి ఈవిడేనా? మీటరు లేదు, టంకం లేదు, ఇలా చెయ్యమని చెప్పినవాళ్ళు లేరు. కళ్ళతో చూసి, బుర్రతో పట్టుకుని, సూదీ దారంతో సాధించారు. ఆ ముడతలుపడ్డ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది ఆమెకి.

“మరి చెప్పలేదేం అత్తయ్యా?”

“బల్లమీద బిగించి ఉన్న కారు చూసుకుని, సాయంత్రం ఆయన రాగానే వీడు పరిగెత్తుకెళ్ళి, ‘నాన్నా, బాగుచేసేశావా!’ అని కాళ్ళు చుట్టేసుకున్నాడు. ఆయన నావైపు చూశారు. పాలు పొంగుతున్నాయని నేను లోపలికెళ్ళాను.”

“నిజంగా పొంగుతున్నాయా?”

“పొయ్యే వెలిగించలేదు.”

ఇద్దరూ నవ్వారు. అంతలోనే అత్తగారి మొహం ముడుచుకుంది. “వాడికి కారు బాగవడం కంటే, వాళ్ళ నాన్న బాగుచెయ్యడం కావాలమ్మాయ్. ఇప్పుడు తవ్వి తియ్యకు. వాడికి నాన్నని ఉండనియ్యి.”

ఆమె మాట ఇచ్చింది. కానీ బట్టలు ఆరేస్తున్నంతసేపూ అదే ఆలోచన. అత్తగారి చేతులు మామగారివయ్యాయి. తన చేతులు ఎవరో మంచి కుర్రాడివయ్యాయి. రేపు వీడియోలో భర్తవి అవుతాయి. ఇంకొన్నేళ్ళు పోతే కూతురు ట్రే పట్టుకుని కథ మధ్యలోకి వస్తుంది. అత్తగారికిచ్చిన మాట హుక్కు గురించి. తను వేసిన తీగల గురించి ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు కదా.

ఆదివారం ఆమె కాఫీ ముందే ఫ్లాస్కులో పోసి, కప్పులు బల్లమీద పెట్టి, హాల్లో కూర్చుంది. కారు గుయ్‌మంటూ కుర్చీల కిందనుంచి దూసుకుపోతే బొమ్మల పిచ్చాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కెమెరా పెట్టాడు. కథ మొదలైంది. ఆమె మొదటినుంచీ విన్నది.

“అప్పుడు నాన్న, ఇప్పుడు నేను. రక్తంలోనే ఉందండీ!” అని ముగించాడు భర్త.

“మీరు కాదండీ, నేను,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “తీగలు మార్చిందీ, టంకం వేసిందీ, సర్వో బాగుచేసిందీ నేను.”

భర్త నవ్వేశాడు. “అవునవును, మా ఆవిడ కాస్త సాయం చేసింది లెండి.”

“సాయం చెయ్యలేదు. పనంతా చేశాను. నేను చదివిందీ, చేసే ఉద్యోగమూ అదే.”

బొమ్మల పిచ్చాయన కెమెరా ఆమె వైపు తిప్పాడు. “అలాగా తల్లీ! సర్వోకి ఏమైంది?” అని ఆశగా అడిగాడు. ఆమె చెప్పింది. పట్టీ గురించి, ముల్లు గురించి, చిలుము గురించి. అలా ఒకరు అడిగి, తను మొత్తం చెప్పడం ఎంత బాగుందో! చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. భర్త చెవులు ఎర్రబడ్డాయి.

“సరే, అదంతా తనే చేసిందనుకోండి. ఆ ముక్క మాత్రం నాన్నదే!” అన్నాడతను గబగబా. గొంతులో చిన్నప్పటి పిల్లాడు తొంగిచూశాడు. “ఆ సాయంత్రం నాన్న రిమోట్ నా చేతికిచ్చారు. బాగయ్యాక దీన్ని మొట్టమొదట నడిపింది నేనే.”

ఆమె మాట నిలబెట్టుకుంది. తల దించుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది. ఎప్పటిలాగే అత్తగారు లేచారు. లోపలికి వెళతారనుకుని బొమ్మల పిచ్చాయన దారి ఇచ్చాడు. ఆవిడ వెళ్ళలేదు. కోడలి పక్కకి వచ్చి నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

“అది గడియారం ముక్క కాదు నాన్నా. నా జాకెట్టు హుక్కు. నేనే కుట్టాను,” అన్నారు.

భర్త తల్లి వైపూ భార్య వైపూ మార్చి మార్చి చూశాడు. “అంటే... అయినా అమ్మా, మొదట నడిపింది నేనే కదా?”

అత్తగారి మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. పెళ్ళై వచ్చిన నాటినుంచీ కోడలు ఆ నవ్వు చూడలేదు.

“కాదురా. నువ్వు బడినుంచి వచ్చేదాకా, తలుపేసుకుని, మధ్యాహ్నమంతా నేనే నడిపాను.”