పెళ్లికూతురి వైపు దిండు

నేను ఒక మోకాళ్ల దిండుని. దిండు అనగానే తల కింద పెట్టుకునేది అనుకుంటారు; నాకా భాగ్యం లేదు. నా మీద ఆనేవి మోకాళ్లే. చర్చి పెళ్లిలో ప్రమాణాలు అయిపోయాక, దీవెన ప్రార్థన వేళ వధూవరులు బలిపీఠం ముందు మోకరిస్తారు. అప్పుడు కటిక నేల తగలకుండా వాళ్ల కింద ఉండడానికి మమ్మల్ని కుట్టారు. మేము జంట. కుడివైపుది పెళ్లికొడుకుది, ఎడమవైపుది పెళ్లికూతురిది. ఆ ఎడమవైపు దిండుని నేను.

మా గుడి చీరాలకు కాస్త ఇవతల, రైలుకట్టను ఆనుకుని ఉంటుంది. గుడి అంటే చర్చే. మా సంఘంలో పెద్దవాళ్లంతా అలాగే అంటారు, పాస్టరుగారిని అయ్యగారు అన్నట్టే. రైలు వస్తే ప్రసంగం ఆగుతుంది, వెళ్లిపోయాక ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. ఈలోగా నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చుంటారు కాబట్టి రైలు వల్ల సంఘానికి మేలే తప్ప కీడు లేదు.

నన్ను కుట్టింది దొర్కమ్మ. భర్త పోయాక కుట్టుమిషను మీదే కూతుర్ని పెంచుకొస్తున్న మనిషి. ఒక పెళ్లిలో పెళ్లికూతురు కొబ్బరిపీచు పట్టా మీద మోకరించి లేచేసరికి తెల్లచీరకు పీచంతా అంటుకుని ఉండడం చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. ప్రసంగపీఠానికి కొన్న ఎర్ర ముఖమలులో మిగిలిన ముక్క అడిగి తెచ్చుకుంది. బూరుగుదూది ఏరి, గింజ లేకుండా చూసి, మా ఇద్దరిలో కూరింది. నా మీద ద్రాక్షగుత్తి కుట్టే పని మాత్రం కూతురు యూనీకేకి ఇచ్చింది. అప్పటికి అది పరికిణీ కట్టే పిల్ల. గుత్తిలో ఒక పండు మిగతావాటికంటే పెద్దదైంది. విప్పి మళ్లీ కుట్టమంది తల్లి.

"ఉండనీయమ్మా, అదట్టా పండింది," అంది ఆ పిల్ల. విప్పలేదు. ఆ పెద్ద పండు ఇప్పటికీ నా మీద ఉంది.

దొర్కమ్మ ఆఖరి కుట్టు వేసి దారం పళ్లతో తెంపుతూ ఒక మాట అనుకుంది. పైకే అనుకుంది. "ప్రభువా, ఒకనాటికి నా బిడ్డ దీని మీద మోకరించాలి." నా పుట్టుకకు కారణం ఆ మాట. అందుకని ఆ అమ్మాయి సంగతి నాకు అందరి సంగతుల కంటే ఎక్కువ.

ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్లు చూశాను. నేను ముఖాలు చూడను, మోకాళ్లే చూస్తాను. కొన్ని వణుకుతాయి. కొన్ని దీవెన ఎప్పుడవుతుందా అని అటూ ఇటూ కదులుతాయి. మనసులో నిబ్బరం ఉన్న పిల్ల మోకాళ్లు బరువుగా ఆనుతాయి, ఆ బరువు నాకిష్టం. ఆ రోజు నా మీద అంత భక్తిగా మోకరించిన మగవాళ్లూ ఆడవాళ్లూ మళ్లీ జన్మలో నేల మీద మోకాలు పెట్టకపోవడం కూడా చూశాను. మనుషులకు పెళ్లి చేయడానికి దేవుడు కావాలి, కాపురం మాత్రం వాళ్లే చేసుకుంటామంటారు.

పెళ్లిళ్లు కాని రోజుల్లో నా కాపురం అయ్యగారి గదిలో, బీరువా పక్క బల్ల మీద. అక్కడి నుంచి గుడిలో మాటలన్నీ వినిపిస్తాయి, తలుపు తీసి ఉంటే కొంత కనిపిస్తుంది కూడా. మా గుడిలో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. నడుమ దారి ఉంటుంది. ఆ దారి దాటి మాట వెళ్లకూడదు. మరి పిల్లలు ఒకరినొకరు చూసుకునేది ఎప్పుడంటారా? ప్రార్థనలో. అందరూ కళ్లు మూసుకోండి అని అయ్యగారు అనగానే కొందరు అప్పుడే తెరుస్తారు. పాటల సాధనలో ఒకే కీర్తన పుస్తకం ఇద్దరికి చాలుతుంది. క్రిస్మసు ముందు ఇంటింటికీ పాడుతూ తిరిగే రోజుల్లో జట్టు వెనకపడ్డవాళ్లు ఇద్దరే ఉంటారు, ఎప్పుడూ ఆ ఇద్దరే. అయినా పిలుచుకోవడం మాత్రం సిస్టర్, బ్రదర్. పెళ్లి ప్రకటన వచ్చేదాకా సిస్టరే.

యూనీకే పెద్దదైంది. చీరాలలో కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేసే పనిలో చేరింది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల కూడికకు వచ్చినప్పుడు తన పని గురించి వాళ్లకు ఆటలా చెప్పేది. ఒక అద్దం పెట్టి, అది తీసి ఇంకో అద్దం పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా? తొందరేం లేదు, చూసుకుని చెప్పండి," అని అడగాలట. ఎదుటి మనిషి చెప్పేదాకా ఆగాలట. పెద్దవాళ్లకు కూడా ఎవరూ అలా అడగకపోవడం వల్లనేమో, కొంతమంది తడబడతారని నవ్వేది.

జయశీల్ మా యువజనులకు నాయకుడు. గిటారు వాయిస్తాడు, పలకరింపు బాగుంటుంది, ముసలివాళ్లను చెయ్యి పట్టి మెట్లు దింపుతాడు. చెడ్డవాడు కాదని మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందానికి అతన్ని తిట్టుకోవడం చాలా తేలిక.

ఒక శనివారం సాయంత్రం యువజన కూడికలో, దేవుడు తమకేం చేశాడో లేచి సాక్ష్యాలు చెప్పుకునే వేళ అతను లేచాడు. పెద్దలు కూడా వచ్చి ఉన్నారు, దొర్కమ్మ కూడా.

"జీవిత భాగస్వామి కోసం ఉపవాసముండి ప్రార్థన చేస్తా ఉన్నానండి," అన్నాడు. గొంతు వణికింది, దొంగ వణుకు కాదది. "దేవుడు నాకు స్పష్టంగా ఒక సహోదరిని చూపించాడు. మన యూనీకే సిస్టరేనండి."

గుడంతా స్తోత్రం, స్తోత్రం అని మోగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మాయిని లేపి నిలబెట్టారు. ఆమె తల వంచుకుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా వాళ్లు మిగతా సగం కూడా తామే కలిపేసుకున్నారు. దేవుడే చెప్పాక మనమెవరం అన్నారు సంఘ పెద్దలు. దొర్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే.

ఆ రాత్రి ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాడు మాత్రం అయ్యగారి గదిలో బలిపీఠం గుడ్డలు మడతపెడుతూ యూనీకే నెమ్మదిగా అంది, "అమ్మా, నాకేమీ అనిపించట్లేదే."

"దేవుడే చూపించాక నీకు అనిపించేదేందే?" అంది దొర్కమ్మ. కోపంగా కూడా కాదు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల నోరు కట్టేసినట్టయింది. కాదంటే అబ్బాయిని కాదన్నట్టు కాదు, దేవుణ్ణే కాదన్నట్టు. అంత ధైర్యం ఎవరికుంటుంది?

మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారుడికి, ఫలానావారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని. మొదటి ప్రకటన అయింది. రెండోదీ అయింది. అభ్యంతరం చెప్పినవాళ్లు మా గుడి పుట్టాక ఒక్కరూ లేరు. ఆ మాట తర్వాత అయ్యగారు ఆగేది కూడా ఊపిరి తీసుకోవడానికే.

మూడో ఆదివారానికి ముందురోజు యూనీకే ఒక్కతే వచ్చింది. నా అంచు కాస్త పిగిలి ఉంటే కుట్టడానికి, మా ఇద్దరినీ ఎండలో పెట్టడానికి. కుట్టింది, ఎండబెట్టింది, తెచ్చి మమ్మల్ని బలిపీఠం ముందు సర్ది చూసింది. గుడిలో ఎవరూ లేరు. కాసేపు నిలబడి, నా మీద మోకరించింది. తల్లి కోరుకున్న ఆ మోకాళ్లు నా మీద ఆనింది అదే మొదటిసారి. నేను ఎంత సంతోషించాలి! కానీ అవి బరువుగా ఆనలేదు. ఎప్పుడు లేచి పోదామా అన్నట్టు ఉన్నాయి.

"ప్రభువా, అతనితో చెప్పావంటున్నారు," అంది. "అతను నీ బిడ్డే, కాదనను. మరి నాతో ఎందుకు చెప్పలా? నేను అంత దూరంలో ఉన్నానా?"

ఏడుస్తూ అడగలేదు. జవాబు కోసం అడిగినట్టు అడిగి, చాలాసేపు విన్నది. రైలొకటి వెళ్లింది. లేచి మమ్మల్ని ముందు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు మేము ఆ బెంచీ మీదే ఉన్నాం. అయ్యగారు మూడో ప్రకటన చదివారు. "న్యాయమైన అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలి," అని ఊపిరి తీసుకున్నారు.

"నాకుందండి, అయ్యగారూ."

ఆడవాళ్ల వైపు నుంచి. గుడి మొత్తం తిరిగి చూసింది. యూనీకే నిలబడి ఉంది. పక్కన దొర్కమ్మ ఆమె చీర కుచ్చిళ్లు పట్టి కిందికి లాగుతోంది.

"ఏందమ్మా నీ అభ్యంతరం?" అయ్యగారు కళ్లద్దాలు తీసేశారు.

"నన్నెవురూ అడగలేదండి."

ఆమే మళ్లీ అంది. "ఒక కళ్లజోడు ఇయ్యాలన్నా నేను అడిగి ఇస్తానండి, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని. నా పెళ్లి దేవుడు చెప్పాడన్నారు, మీరందరూ ఆమేన్ అన్నారు. ఒక్కరన్నా నన్ను, నీకిష్టమేనా అమ్మా అని అడగలేదు. నాకిష్టం లేదండి. దేవుడంటే కాదు, ఈ పెళ్లంటే."

కూర్చుంది.

ఆ తర్వాత అయిన గొడవ చెప్పను, మీరు ఊహించుకోగలరు. దయ్యం పట్టిందన్నారు, చదువు ఎక్కువైందన్నారు, ఎవడో ఉన్నాడన్నారు. ఎవడూ లేడు. ఉంటే వాళ్లకే సుఖంగా ఉండేది, వాణ్ణి తిట్టుకునేవాళ్లు. దొర్కమ్మ అవమానంతో చాలాకాలం ముందు వరసలో కూర్చోవడం మానేసింది. కూతురితో అవసరమైనంతే మాట్లాడేది.

జయశీల్ ఒక సాయంత్రం గుడి వరండాలో ఆమెను ఆపాడు. "నాకు నిజంగానే అట్టా అనిపించిందండి, సిస్టర్. అబద్ధం చెప్పలేదు."

"అనిపించే ఉంటది జయశీల్ గారూ. మీకనిపించింది మీరు నాతో చెప్పాల్సింది. దేవుడితో చెప్పించారు."

అతను చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ఈసారి తల వంచింది అతను. ఎవరూ దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టలేదు. కొన్నాళ్లకు అతనికి వేరే అమ్మాయితో పెళ్లయింది. ఆ అమ్మాయిని ముందు తనే వెళ్లి అడిగాడట. ఆమె మోకాళ్లు నా మీద నిబ్బరంగా ఆనాయి. మా గుడిలో అప్పటి నుంచి ఒక కొత్త పద్ధతి కూడా వచ్చింది. మొదటి ప్రకటనకు ముందు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు కలిసి అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు. తలూపితే చాలదు, నోటితో చెప్పాలి. ఆ పద్ధతి ఎందుకొచ్చిందో చెప్పేటప్పుడు యూనీకే పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆమె దయవల్ల ఎందరో పిల్లలు నా మీద మనస్ఫూర్తిగా మోకరించారు. ఆమెకు మాత్రం సంబంధాలు రావడం మానేశాయి. గుడి నిండా మనుషులున్నా ఒక పిల్ల ఎంత ఒంటరిగా ఉండగలదో అప్పుడు చూశాను. నాకు బాధగా ఉండేది.

కాలం మారింది. పెళ్లిళ్లకు అలంకరణ వాళ్లు వచ్చి, వాళ్ల తెల్ల దిండ్లు వాళ్లే తెచ్చుకోవడం మొదలైంది. నా జంట దిండు వెళ్లి స్పీకరు పెట్టె కింద చేరింది. నాకూ ఏదో మూల రాసిపెట్టి ఉందనుకున్నాను. ఒక రోజు యూనీకే అమ్మగారిని అడిగి నన్ను ఇంటికి తెచ్చింది. దొర్కమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా నేల మీద మోకరించకుండా ప్రార్థన చేస్తే ప్రార్థన కాదని ఆమె పట్టు. ఎవరి మోకాళ్ల కోసమని కుట్టిందో ఆ దిండు మీద చివరికి తనే ఆనింది.

రోజూ సాయంత్రం అదే ప్రార్థన. "ప్రభువా, నా బిడ్డకొక తోడు చూపించు. నా కళ్లు మూతపడకముందే చూపించు." కూతురు పక్కగదిలో అన్నం వారుస్తూ వినేది.

నిన్న సాయంత్రం దొర్కమ్మ ఎప్పటిలాగే మోకరించింది. "ప్రభువా, నా బిడ్డకొక..." అని ఆగిపోయింది. ఆమె వేలు నా మీదున్న ద్రాక్షగుత్తిని తడుముతోంది. ఆ పెద్ద పండు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"యూనీ," అని పిలిచింది.

"ఏందమ్మా?"

"నీ కోసం ఏమని అడగమంటావే?"

పక్కగదిలో గిన్నె చప్పుడు ఆగింది. యూనీకే తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆమె కూడా తడబడింది. తొందరేం లేదు, చూసుకుని చెప్పు అన్నట్టు తల్లి ఆగింది.

"తోడు కావాలనే అడుగమ్మా," అంది చివరికి. "నాకూ కావాలి. ఒక్కదాన్నే ఉండాలని నేనెప్పుడూ అనలా."

వచ్చి తల్లి పక్కనే మోకరించింది. ఒక మనిషి కోసం కుట్టిన దాన్ని నేను. ఇద్దరూ చెరో మోకాలు నా మీద, చెరో మోకాలు నేల మీద ఆనించారు. యూనీకే మోకాలు బరువుగా ఆనింది. ఆ బరువు కోసమే కదా నేను పుట్టింది.

దొర్కమ్మ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నా బిడ్డకు ఎవరినన్నా చూపించాలంటే, ముందు దానికి చూపించు. నాకు తర్వాత చెప్పినా ఫర్వాలేదు."

"ఆమేన్," అంది యూనీకే.