సైదమ్మ కడుపుమంట

నిజాం లొంగిపోయిన వారంలోనే చౌటుప్పల్ చుట్టుపక్కల ముసల్మానుల ఇళ్లు తగలబడటం మొదలైంది. ఆ పొద్దున సైదమ్మ పెరటి తలుపు తట్టింది పక్కింటి షంషాద్. పదిహేనేళ్ల పిల్ల. ఆమె వెనక తల్లి షరీఫా, ఊళ్లు తిరిగి గాజులమ్ముకునే మనిషి, నిలబడి ఉంది.

"పెద్దమ్మా, మమ్ముల జర దాపెట్టు. తొవ్వ దొరికేదాంక చాలు," అంది షంషాద్.

సైదమ్మ ఇద్దరినీ లోపలికి లాగి, జొన్నలు అడుగంటిన వెదురు గుమ్మిలోకి దింపి పైన తట్ట బోర్లించింది. అంత భయంలోనూ ఆమెకు కడుపులో చురుక్కుమంది. అడిగింది తల్లి కాదు, బిడ్డ. తన కూతురు యాదమ్మయితే నోరు తెరిచేదా?

యాదమ్మదీ అదే ఈడు. మొగుడు పోయాక సైదమ్మ ఆ పిల్లను కొంగు దాటనివ్వకుండా పెంచింది. ఏం కట్టాలో, ఎవరితో మాట్లాడాలో, ఎప్పుడు నవ్వాలో అన్నీ తనే చెప్పేది. ఎవరేమడిగినా యాదమ్మ ముందు తల్లి ముఖం చూసేది. అక్కడ దొరికిన జవాబే చెప్పేది. వాడకట్టంతా దాని మీద జోకులు. పక్కింట్లో షరీఫా మాత్రం కూతురిని, "నీకేమనిపిస్తాంది బిడ్డా?" అని అడిగేది. గోడ అవతల ఆ మాట వినబడితే సైదమ్మకు ఆ పూట ముద్ద దిగేది కాదు. పైగా యాదమ్మ నవ్వేదంతా ఆ ఇంట్లోనే.

మధ్యాహ్నం గుర్వయ్య వచ్చాడు. ఊరివాడే. వెంట బరిసెలతో పొరుగూరి మనుషులు. మగదిక్కు లేని ఇల్లు సోదా చేస్తే వాడకట్టు ఊరుకోదని తెలుసు కాబట్టి గడపలోనే నిలబడ్డాడు.

"గాజులామె ఏడ వోయింది, సైదక్కా?"

"నాకేమెరుక? నేనేమన్న ఆమెకు కావలున్ననా?"

గుర్వయ్య నవ్వాడు. "నువ్వు గట్టిదానివక్కా, నువ్వు చెప్పవు. పోరినడుగుత. అది నీ దిక్కు జూస్తది, నేను నీ మొకం జూస్త. ఏమే యాదీ, షంషాద్ వాళ్లు ఏడున్నరు?"

యాదమ్మ కళ్లు అలవాటుగా తల్లివైపు తిరిగాయి. గుర్వయ్య కళ్లూ తిరిగాయి. తన చూపు గుమ్మివైపు జారిపోతోందని సైదమ్మకు తెలుస్తూనే ఉంది. ఇంకాసేపు ఇక్కడుంటే గుమ్మిలో రెండు ప్రాణాలు దక్కవు.

"బర్రె తాడు గుంజుకుంటాంది. పోరినే అడుక్కోండ్రి," అని ఆమె వాకిలి దాటి కొట్టంలోకి నడిచింది. కూతురిని పండక్కి కూడా ఒంటరిగా పంపని సైదమ్మ, ఇప్పుడు ఆ పిల్లను బరిసెల మధ్య వదిలి వచ్చింది. బర్రె మెడ పట్టుకుని చెవులు రిక్కించింది.

గడపలోంచి గుర్వయ్య గద్దించాడు.

"చెప్పవేందే?"

"నీకేమన్న పిచ్చా, గుర్వయ్య మామా?" అంది యాదమ్మ. "ఆమె పేరెత్తితేనే మా అమ్మకు మంట. నేను ఆళ్లింట్ల నవ్విన్నాడు నాకు బువ్వ పెట్టది. షరీఫా చిన్నమ్మ తొడిగిన గాజులు బండ మీద పెట్టి పలగ్గొట్టింది. ఆమెకు జెరమొస్తే లోపల సంబరపడ్డది. అసొంటిది దాపెడతదా? ఆళ్లు చీకటితోనే నల్లగొండ తొవ్వ పట్టిండ్రు."

ఎవడో పకపకా నవ్వాడు.

"గాజులు పలగ్గొట్టిన్నాడు మా ఇంటిదాంక ఇనొచ్చింది లే," అన్నాడు గుర్వయ్య. బరిసెలు నల్లగొండ దారి పట్టాయి.

జ్వరం నాటి సంతోషం సైదమ్మ ఎవరితోనూ అనలేదు. మరి ఈ పిల్ల ఎప్పుడు చూసింది?

ఆమె లోపలికి వచ్చేసరికి షరీఫా గుమ్మిలోంచి బయటికొచ్చి, యాదమ్మను గుండెకు హత్తుకుని ఉంది. గుమ్మిలోంచే షరీఫా అంతా విన్నది. బిడ్డ ముందు తన దగ్గరికి రాలేదన్న మంట సైదమ్మ గొంతులోకి ఎగదన్నింది.

"గవన్ని అబద్ధాలే గదనే?"

"పోయిండ్రన్నదొక్కటే అబద్ధం," అంది యాదమ్మ.

షరీఫా యాదమ్మను వదిలేసి తల దించుకుంది. సైదమ్మ ఏం చేయాలో అందరికీ చెప్పబోయి మానుకుంది. షరీఫా ఎదుటే, షరీఫా లాగా బిడ్డను అడగాల్సి రావడం ఆమెకు నిప్పు మింగినట్టుంది.

"ఈళ్లను ఎటు దాటిద్దామే?" అంది కూతురితో.

"జర ఆగు," అంది యాదమ్మ. "ఆలోచన జెయ్యనీ."